మంచుగుహలో మూడు గడియలు

సూర్యుడు ధవళశృంగం నడినెత్తికి చేరగానే, ఏడాది పొడుగునా గోడలా నిలిచి ఉండే మంచు తలుపు నిలువునా చీలింది. ఆ చీలికలోంచి విసిరిన చలిగాలికి, కొండచరియ మీద బారులు తీరిన రెండు వందల మంది కాంస్యపురి భటుల గడ్డాలు ఒక్కసారిగా తెల్లబడ్డాయి. కొందరు కళ్ళు మూసుకున్నారు. కొందరు ఇలవేల్పులకు మొక్కుకున్నారు. గుహలోకి వెళ్ళవలసిన ముగ్గురికి మాత్రం మొక్కుకునే తీరిక లేదు. తలుపు తెరుచుకున్న క్షణం నుంచే వాళ్ళ ఆయుష్షు మూడు గడియలకు కుదించుకుపోయింది.

ఆ గుహ హిమదంష్ట్రుడనే మాంత్రికుడిది. ఆరేళ్ళ కిందట వాడు వేటకు వచ్చిన వీరభాను మహారాజును ఎత్తుకుపోయి, మంచుబొమ్మను చేసి, గుహ కొసన నిలబెట్టుకున్నాడు. పైగా తాను ధర్మం తప్పనివాణ్ణని చాటింపు కూడా వేయించాడు. ఏడాదికి ఒక్కరోజు మిట్టమధ్యాహ్నం తలుపు తెరుస్తాడట. కాంస్యపురి కొలత ప్రకారమే మూడు గడియలసేపు తెరిచి ఉంచుతాడట. బొమ్మను ఎండలోకి తీసుకురాగలిగితే అది కరిగి మనిషవుతుందట. గడువు దాటాక లోపల మిగిలినవాళ్ళు మాత్రం అలాగే మంచుబొమ్మలైపోతారట. ఈ ఐదేళ్ళలో ఐదు దండ్లు వెళ్ళాయి. ఐదు దండ్లతోపాటు వేళ చూసి చెప్పే ఐదుగురు గడియగాళ్ళు వెళ్ళారు. ఒక్కడూ తిరిగి రాలేదు.

ఆ ఐదుగురిలో నాలుగోవాడు గంటల బొల్లన్న. ముప్ఫై ఏళ్ళు కోటలో కాలం కొలిచే గిన్నె, గడియ కుడుక, నీళ్ళలో మునిగినప్పుడల్లా గంట కొట్టినవాడు. అతను రాకపోయేసరికి ఆస్థాన జ్యోతిష్కుడు మిహిరభట్టు, గడియగాడు కునుకు తీశాడు కనుక దండు నాశనమైందని తేల్చేశాడు. గంట గోపురం రాతి మీద చెక్కిన బొల్లన్న పేరును ఉలితో తొలిపించేశాడు. ఆ ఉలి చప్పుడు రెండేళ్ళుగా బొల్లన్న కూతురు నాగసాని చెవుల్లోంచి పోలేదు. ఆ కసితోనే ఆమె ఈసారి గుర్రపు తోక వెంట్రుకలతో మీసం అంటించుకుని, తలపాగా బిగించి, నాగన్ననని చెప్పుకుని, ఆరో గడియగాడిగా వచ్చింది. ఆ పదవికి పోటీ ఎవరూ లేరు కనుక మీసాన్ని పట్టి చూసినవాళ్ళూ లేరు.

బయలుదేరే ముందు సభలో చిన్న గొడవ జరిగింది. మిహిరభట్టు ఒకే తొట్టిలో ఏడు బంగారు కుడుకలు వదిలాడు. అడుగున సూదిమొన పాటి బెజ్జం ఉన్న ఆ కుడుకలు, బెజ్జంలోంచి నీళ్ళు ఎక్కి, ఏడూ ఒక్క ఊపిరిలో మునిగాయి. సభ చప్పట్లు కొట్టింది. ఏడూ ఒకే మాట చెప్పినప్పుడు ఇక తప్పెక్కడుందని భట్టు అందరినీ చూశాడు. నాగసాని నోరు ఊరుకోలేదు.

"ఏడూ ఒకే అచ్చులో పోసినవి. ఒకే తొట్టిలో వదిలారు. ఇవి ఏడుగురు సాక్షులు కాదు స్వామీ, ఒకే సాక్షిని ఏడుసార్లు పిలిచారు."

భట్టు ముఖం కందగడ్డయింది. అయినా ఆమె ఆపలేదు. మనిషి పొరపాటు పడితే ఒకనాడు ముందుకు పడతాడు, ఒకనాడు వెనక్కు పడతాడు. ఐదుగురూ ఆలస్యంగానే పడ్డారంటే అది ఐదుగురి కునుకు కాదు, ఐదుగురికీ ఉమ్మడిగా ఉన్న మరేదో వస్తువు తప్పు అంది. ఆ వస్తువేమిటో చెప్పమని భట్టు నిలదీశాడు. అది ఆమెకూ తెలియదు. తెలియదనే చెప్పింది. సభ పగలబడి నవ్వింది. రాజఘటిక అనే ఆ బంగారు కుడుకను కాదని వేరే లెక్కతో గడియ చెప్పినవాడి కుడిచేయి నరకాలన్న శాసనాన్ని భట్టు ఆమెకు మరోసారి చదివి వినిపించాడు.

కాబట్టి ఇప్పుడు గుహలోకి అడుగుపెడుతున్నవాళ్ళు ముగ్గురు. ముందు కత్తి దూసిన యువరాజు ఉదయకేతు. మధ్యన నాగసాని. వెనక చక్రాల్లేని జారుడు బండిని నడుముకు కట్టుకుని, భుజాన కావడి మోస్తూ పుల్లప్ప. ఈ పుల్లప్ప అరవై ఏళ్ళ ముసలి భటుడు. ఏదో యుద్ధంలో ఫిరంగి పక్కన నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. కావడికి ఒకవైపు గొలుసులతో వేలాడే కంచు తొట్టి, అందులో రాజఘటిక. మరోవైపు గడ్డి చుట్టిన అంబలి కుండ. రాజఘటికను వదిలే నీరు ఆ చోటి నీరే అయి ఉండాలన్నది భట్టు నియమం కనుక, గుహ వాకిట కరిగి కారుతున్న నీటితోనే తొట్టి నింపారు. బయట డేరా ముందు భట్టు కూడా అలాంటి తొట్టి పెట్టుకుని, పెద్ద గంటను వేలాడదీయించి కూర్చున్నాడు.

నాగసాని దగ్గర మరో రెండు లెక్కలున్నాయి. అవి శాసనానికి తెలియవు. గంటలవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు వడ్లు దంచుతూ పాడే రోకటి పాట ఒకటుంది. 'ఒక్క పోటుకు పొట్టు లేచె, మరొక పోటుకు ముత్యమాయె' అని మొదలై, అరవై చరణాలు పూర్తయ్యేసరికి సరిగ్గా గడియ అవుతుంది. అమ్మమ్మ కాస్త తొందరగా ముగించేది, పెద్దమ్మ కాస్త సాగదీసేది. ఆ వాడలో ముగ్గురు పాడి నడిమి లెక్కను పట్టుకునేవారు. ఆ పాట నాగసాని పెదవుల మధ్య మొదలైంది. రెండో లెక్క పుల్లప్ప జపమాల. అతను తన ఊరి అమ్మవారి పేరు చెప్పుకుంటూ పూసలు తిప్పుతూనే ఉంటాడు. గడియకు ఇరవై చుట్లు. చుట్టు పూర్తయినప్పుడల్లా మొలతాడుకు ముడి వేయమని నాగసాని అతనికి సైగలతో చెప్పింది. ఎందుకో చెప్పలేదు. అతనూ అడగలేదు.

లోపలి దారి ఎత్తుకు ఎక్కుతూ పోయింది. ఆహా, ఏం దారి అది! గోడలు నీలాలు పరిచినట్టు వెలుగుతున్నాయి. పైకప్పు నుంచి మంచు జాజులు, మంచు కలువలు, పేరు తెలియని మంచు పూలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. గాలి తగిలితే అవి ఒకదానితో ఒకటి రాసుకుని వీణ మీటిన చప్పుడు చేస్తున్నాయి. ఉదయకేతు ఒక పూవు కింద క్షణం నిలబడ్డాడు. ఆ క్షణంలోనే గోడలోంచి తెల్లటి చేయి ఒకటి చాచుకుని అతని మెడ పట్టుకుంది.

తర్వాత చేతులే చేతులు. కుడిగోడలోంచి పది, ఎడమగోడలోంచి ఇరవై. ఉదయకేతు కత్తి గిరగిరా తిరిగింది. తెగిన వేళ్ళు నేల మీద పడి చిటచిట పగిలాయి. పుల్లప్ప కావడి దించకుండానే కాళ్ళతో తన్నుకుంటూ నడిచాడు. నాగసాని పాట ఆపకుండా, ఒక చేత్తో తొట్టి గొలుసు పట్టుకుని, మరో చేత్తో నడుముకు చుట్టుకొచ్చిన చుట్టకత్తి ఆడించింది. చేతుల వీధి దాటి బయటపడేసరికి బంగారు కుడుక బుడుంగుమని మునిగింది.

"ఒక గడియ," అంది నాగసాని. అని, తన లెక్క చూసుకుని ఉలిక్కిపడింది. అరవై కావలసిన చరణాలు డెబ్బై నాలుగయ్యాయి. భయంతో పాట తరుముకొచ్చాను కాబోలు అనుకుని సిగ్గుపడింది. గంటలవాళ్ళ బిడ్డకు గుండె దడ పాటలోకి రాకూడదు. కుడుక ఎత్తి, నీళ్ళు ఒంచి, మళ్ళీ వదిలింది.

రెండో గడియ మంచు శరభానిది. ఎనిమిది కాళ్ళు, సింహం తల, వీపున వాడి మంచు ముళ్ళు. అది పైనుంచి దూకి యువరాజు కత్తిని కొరికి రెండు ముక్కలు చేసింది. విరిగిన ముక్కతో అతను దాని కాలు పొడిచాడు. దానికి దోమ కుట్టినట్టు కూడా లేదు. పుల్లప్ప ఒక్కసారి దాన్ని, ఒక్కసారి తన అంబలి కుండను చూసుకున్నాడు. పొద్దుటి నుంచి గడ్డి చుట్టి వెచ్చగా కాపాడుకుంటున్న అంబలి అది. చాలా బాధతో కుండెత్తి శరభం ముఖాన కొట్టాడు. వేడి అంబలికి దాని ముక్కూ మూతీ కరిగి కారిపోయాయి. అది గుడ్డిగా గోడలకు గుద్దుకుంటూ పారిపోయింది.

ఆ తొక్కిసలాటలో నాగసాని మీసం చలికి బిగుసుకుని ఊడి కింద పడింది. ఆమె దాన్ని తొందరగా అందుకోబోయింది.

"వదిలెయ్. సభలో ఆ మాటన్న రోజే చూశాను, అది వంకరగా ఉంది," అన్నాడు ఉదయకేతు ఆయాసపడుతూ. "గడియ ఎంతయింది చెప్పు."

కుడుక అప్పుడే మునిగింది. రెండు గడియలు. ఈసారి చరణాలు డెబ్బై ఆరు. నాగసాని ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసింది. భయమైతే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఉండాలి. కావడి కుదుపులైతే ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు పోవాలి. రెండుసార్లూ దాదాపు అంతే, రెండుసార్లూ ఒకే పక్కకు. సభలో తాను అన్నమాటే తన ముఖాన వచ్చి తగిలింది. ఆలోచిస్తూనే కుడుకను మూడోసారి వదిలి, మలుపు తిరిగింది. అక్కడ దారి విశాలమైన మండపంలోకి తెరుచుకుంది.

ఐదు దండ్లూ అక్కడే ఉన్నాయి. పరుగెత్తుతూ గడ్డకట్టినవాళ్ళు, కత్తులెత్తి గడ్డకట్టినవాళ్ళు, ఒకరి చేయి ఒకరు పట్టుకుని గడ్డకట్టినవాళ్ళు. అవతల మంచు మెట్లు పైకి పోతున్నాయి. ఆ మెట్ల కొసన, కిరీటంతో, మహారాజు వీరభానుడి బొమ్మ మెరుస్తోంది. ఉదయకేతు నాన్నగారూ అని గట్టిగా పిలిచాడు. నాగసాని అటు చూడలేదు. ఆమెకు ఆ మండపంలో ఒకే ఒక్క మనిషి కనిపించాడు.

బొల్లన్న మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ముందు అతని దండు మోసుకొచ్చిన కంచు తొట్టి. ముంజేతుల దాకా రెండు చేతులూ ఆ తొట్టి నీళ్ళలో ముంచి ఉన్నాయి; నీళ్ళతోపాటు గడ్డకట్టాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. కునుకు తీసినవాడి ముఖం కాదది.

నాగసానికి ఏడుపు ముంచుకొచ్చింది. దానితోపాటే ఒక పాత సంగతి కూడా వచ్చింది. చలికాలం తెల్లవారుజామున నాన్న గోపురం మీద గడియ తొట్టి కింద గుప్పెడు గడ్డి మంట వేసేవాడు. రాజజలాన్ని మైలపరిచాడని భట్టు ఒకసారి అతన్ని ఆరు కొరడా దెబ్బలు కొట్టించాడు. నాన్న చేతులు కాచుకోవడానికి మంట వేస్తున్నాడనే ఇంటిల్లిపాదీ అనుకున్నారు. చేతులు వణికినా ఓర్చుకోకూడదా అని అమ్మ దెప్పింది కూడా. అతను కాచింది చేతులను కాదు, నీళ్ళను. ఇక్కడ గడ్డి లేక, నిప్పు లేక, ఉన్న రెండు చేతులతోనే నీళ్ళను వెచ్చబెట్టాలని చూశాడు.

ఆమె తన తొట్టిలో వేలు పెట్టింది. ఎముక దాకా కొరికింది. చల్లటి నీళ్ళు బద్ధకపు నీళ్ళు. సూదిమొన బెజ్జంలోంచి అవి తొందరగా ఎక్కవు. కోటలో ఎండకు కాగిన నీళ్ళలో గడియకు మునిగే కుడుక, ఇక్కడ గడియంపావుకు గానీ మునగదు. రెండు కుడుకలు మునిగాయంటే రెండున్నర గడియలు అయిపోయాయి.

"యువరాజా, మనకు అర గడియ కూడా లేదు. ఇప్పుడే వెనక్కు తిరగాలి."

ఉదయకేతు అప్పటికే మెట్ల దగ్గరున్నాడు. పైకి పావు గడియ, కిందికి పావు, వాకిలి దాకా పావు. కుడుక ప్రకారం ఇంకా నిండా గడియ ఉందని అతను కేక వేశాడు. ఆమె చల్లనీళ్ళ సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. అప్పుడు పైకప్పు నుంచి తీయటి గొంతు ఒకటి దిగింది.

"రాజకుమారా, హిమదంష్ట్రుడు ఏనాడూ అసత్యమాడలేదు. మీ గడియలే ఇచ్చాను, మీ కుడుకే తెచ్చుకున్నారు. అది నీళ్ళ మీద తేలుతూనే ఉంది కదా! తండ్రి అంత దగ్గర ఉండగా ఒక దాసీ మాట విని పారిపోతావా?"

ఉదయకేతు నాగసానిని చూశాడు. ఆమె పక్కన ఉన్న బొల్లన్నను చూశాడు. ముఖం గట్టిపడింది.

"మీ నాన్న దొరికాడు. అందుకేనా గడియ అయిపోయింది?"

ఆ మాట కత్తిలా దిగింది. దిగింది కనుకే ఆమె తనను తాను ఒకసారి తడుముకుంది. నాన్నను తీసుకుపోవాలన్న ఆశ లేదా? ఉంది. ఆ ఆశ తన లెక్కను లాగిందేమో ప్రమాణం చేసి చెప్పగలదా? చెప్పలేదు. ఆశపడినవాళ్ళ కంటికి అంకెలు తమకు కావలసినట్టే కనిపిస్తాయి. అది తనకైనా అంతే, అతనికైనా అంతే.

"నా లెక్క పక్కన పెట్టండి," అంది. "మీదీ పెట్టండి. మీకు మీ నాన్న కావాలి, నాకు మా నాన్న కావాలి. పుల్లప్పకు ఇక్కడ ఎవరూ లేరు. మన గొడవ అతనికి వినిపించలేదు, ఎందుకు లెక్కపెడుతున్నాడో కూడా తెలియదు. గడియకు ఇరవై చుట్లని సేనలో అందరికీ తెలుసు. ఇప్పటికి నలభై ముళ్ళయితే మీరు చెప్పిందే నిజం. నేనే మీ వెంట మెట్లెక్కుతాను."

ఉదయకేతు తలూపాడు. నాగసాని పుల్లప్ప మొలతాడు వైపు వేలు చూపింది. ముసలాయన అయోమయంగా కావడి నేలకు దించి, మొలతాడు లాగి, యువరాజు చేతికే ఇచ్చాడు. ఉదయకేతు ముళ్ళు లెక్కపెట్టాడు. నలభై దాటాడు. యాభై దాటాడు. యాభై ఒకటి దగ్గర అతని వేళ్ళు ఆగిపోయాయి.

అయినా కాళ్ళు కదలలేదు. పాపం, కళ్ళెదుట తండ్రి ఉన్నాడు. కుడుక చూస్తే తొట్టిలో హాయిగా తేలుతోంది. అందరినీ చంపింది ఆ తేలడమే. నాగసాని ఒక్క అడుగు వేసి, కాలెత్తి, బంగారు రాజఘటికను పాదంతో తొక్కి తొట్టి అడుగుకు ముంచింది.

"గడియ అయిపోయింది," అంది. "వచ్చే ఏడాది సరైన గడియతో వచ్చి మహారాజును తీసుకుపోదాం. దానికి మనం బతికి ఉండాలి."

కాంస్యపురి చరిత్రలో రాజఘటిక మీద పాదం మోపినవాళ్ళు లేరు. ఉదయకేతు నిర్ఘాంతపోయి చూశాడు. తర్వాత తండ్రి వైపు తిరిగి నేలకు తల తాకించి, లేచి, విరిగిన కత్తితో బొల్లన్న తొట్టి కింద మంచును నరకడం మొదలుపెట్టాడు. ముగ్గురూ కలిసి బొల్లన్నను తొట్టితో సహా జారుడు బండి మీదికి ఎత్తారు. తమ తొట్టిని, కుడుకను అక్కడే వదిలేశారు. పుల్లప్ప బండిని ఒక్క తోపు తోసి తానూ ఎక్కాడు.

ఎక్కి వచ్చిన దారి ఇప్పుడు పల్లమైంది. బండి బాణంలా దూసుకుపోయింది. మలుపులో గుడ్డి శరభం అడ్డం వచ్చింది. దాని ఎనిమిది కాళ్ళ మధ్యలోంచి దూరిపోయారు. చేతుల వీధిలో తెల్లటి వేళ్ళు జుట్టు పీకాయి, తలపాగా లాక్కున్నాయి. నాగసాని తండ్రి మీద అడ్డంగా పడుకుని పట్టుకుంది. హిమదంష్ట్రుడి గొంతులోని తీపి విరిగిపోయి గుహంతా గర్జించింది. ఎదురుగా పగటి వెలుతురు కనిపించింది. అది బారెడు వెడల్పు నుంచి సన్నబడుతూ వస్తోంది.

బండి ఆ చీలికలోంచి పక్కకు ఒరిగి బయటపడింది. వెనక తలుపు దభాలున మూసుకుంది. పుల్లప్ప ధోవతి చెంగు అందులో ఇరుక్కుంటే, అతను దాన్ని చింపేసి, అంబలి పోయిన రోజున ఇదొక లెక్కా అన్నట్టు చేయి ఊపాడు.

భటులు కేకలు వేయబోయి ఆగిపోయారు. అందరి చూపూ భట్టు తొట్టి మీదికి పోయింది. గుహ తలుపు మూసుకుపోయింది. భట్టు గంట రెండుసార్లే మోగింది. మంచునీళ్ళలో అతని మూడో కుడుక ఇంకా సగం కూడా నిండలేదు. మిహిరభట్టు కూడా అది చూశాడు. ఉత్తరీయం సవరించుకుంటున్నట్టు ముందుకు వంగి, చూపుడు వేలితో కుడుకను మెల్లగా కిందికి నొక్కాడు. అది మునిగింది.

"మూడో గడియ ముగిసింది," అని ప్రకటించాడు. అది చూసినవాళ్ళు పదిమందైనా ఉంటారు. ఆ భటులను నడిపే దళవాయి కాచన అయితే మూరెడు దూరంలో ఉన్నాడు. ఒక్కరూ పెదవి విప్పలేదు.

భట్టు నవ్వుతూ నాగసాని దగ్గరకు వచ్చాడు. ఊడిన మీసం, విడిపోయిన జడ చూసి కూడా కోపగించుకోలేదు. చాలా మెత్తగా అడిగాడు. "బిడ్డా, రాజఘటిక చూసుకునే కదా సరైన వేళకు తిరిగి వచ్చావు?"

ఆ ప్రశ్నలోని మెత్తదనం ఆమెకు అర్థమైంది. అవును అంటే చాలు. తన చేయి తనకుంటుంది, తండ్రి ప్రాణంతో ఇంటికొస్తాడు. కుడుక తప్పులేనిదే అవుతుంది. రాతి మీద పేరు మాత్రం తొలిచినట్టే ఉంటుంది, నాన్న ఎప్పటికీ కునుకు తీసిన గడియగాడే అవుతాడు. వచ్చే ఏడాది ఇంకో దండు ఇదే కుడుక పట్టుకుని లోపలికి పోతుంది. ఎండ తగిలి బొల్లన్న ముఖం మీది మంచు కరుగుతోంది, కనురెప్పలు కదిలాయి. రెండేళ్ళ తర్వాత అతని నోటి నుంచి మొదటి మాట వచ్చింది.

"నీళ్ళు... వెచ్చబెట్టండి."

నాగసాని లేచి నిలబడింది.

"చూసుకుని రాలేదు," అంది. ఆ గొంతు చివరి వరుస భటుడి దాకా వినిపించింది. "రాజఘటికను కాలితో తొక్కి వచ్చాను. రోకటి పాట లెక్కన, ముసలాయన జపమాల లెక్కన వచ్చాను. మీ కుడుక చలిలో అబద్ధమాడుతుంది స్వామీ. రోజూ ఒకే అబద్ధం, ఒకే గొంతుతో ఆడుతుంది. అందుకే మీరు దాన్ని నిజమనుకున్నారు. ఐదు దండ్లను చంపింది ఆ నమ్మకం. మా నాన్న మేలుకునే ఉన్నాడు."

భట్టు మెత్తదనం ఎగిరిపోయింది. శాసనం అమలు చేయమని దళవాయిని ఆజ్ఞాపించాడు. కాచన కత్తి దూసి ముందుకు వచ్చాడు. ఉదయకేతు విరిగిన కత్తితోనే అడ్డం నిలబడ్డాడు. నాగసాని అతన్ని దాటుకుని గంట దగ్గరకు నడిచి, కొయ్య సుత్తి అందుకుని, కుడిచేయి నిండా పైకెత్తింది.

"చేయి తీసుకోండి దళవాయి గారూ. ముందు మీ చేయి ఒకసారి ఆ తొట్టిలో పెట్టి చూడండి."

మొదటి దెబ్బ కొట్టింది. కొండలు బదులిచ్చాయి. రెండో దెబ్బ కొట్టింది. అప్పటికి బొల్లన్న చేతులు తొట్టి నుంచి విడివడ్డాయి. అతను మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి, గంట కొయ్యను పట్టుకుని లేచి, ఇంకా నీళ్ళోడుతున్న చేతిని కూతురి చేతి మీద వేసి సుత్తి పట్టుకున్నాడు. కత్తి పడితే రెండు చేతులూ పడతాయి. ఇద్దరూ కలిసి మూడో దెబ్బ కొట్టారు.

నరకమని మిహిరభట్టు అరిచాడు. దళవాయి కాచన కత్తిని మంచులో గుచ్చి, తొట్టి దగ్గరకు వెళ్ళి, నెమ్మదిగా తన కుడిచేతి తొడుగు విప్పడం మొదలుపెట్టాడు.